రాబర్ట్ విల్లన్

రాబర్ట్ విల్లన్ (నవంబర్ 12, 1757 - ఏప్రిల్ 7, 1812) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ వైద్యుడు. చర్మవ్యాధులను కంటికి కనిపించే లక్షణాలను బట్టి ఎనిమిది వర్గాలుగా విభజించి, ఒక్కొక్క లక్షణానికి కచ్చితమైన నిర్వచనం ఇచ్చిన వ్యక్తిగా వైద్యచరిత్రలో ప్రసిద్ధుడు. ఆధునిక చర్మవైద్య శాస్త్రానికి ఆద్యులలో ఒకడిగా ఈయనను పరిగణిస్తారు. పాప్యూల్, పస్ట్యూల్, వెసికిల్, మాక్యూల్ వంటి పదాలు నేడు చర్మవైద్యుల చీటీలలోను, సౌందర్య చికిత్సా కేంద్రాల పత్రాలలోను, లేపనాల పెట్టెలమీద కూడా కనిపిస్తాయి. ఈ మాటలలో చాలావరకు లాటిన్ భాషలో అంతకు పూర్వమే ఉన్నవే. అయితే ఏ మాట ఏ లక్షణాన్ని సూచించాలో కట్టుదిట్టంగా నిర్ణయించి, వాటిని వైద్యులందరికీ ఉమ్మడి భాషగా మార్చినది విల్లన్.

వ్యాధికి పెట్టిన పేరు రోగి జీవితాన్ని మార్చివేయగలదు. ఒకే పేరు రెండు వ్యాధులకు ఉన్నప్పుడు అంటువ్యాధి కానిది అంటువ్యాధిగాను, ప్రమాదకరమైనది సామాన్యమైనదిగాను పొరబడే అవకాశం ఉంది. విల్లన్ కృషి ఈ గందరగోళాన్ని తొలగించడానికే ప్రారంభమైంది. అయినప్పటికీ ఆయన ఎంచుకున్న ఒక పేరు తరువాతి తరాల వైద్యులకు కొత్త చిక్కు తెచ్చిపెట్టింది.

బాల్యం, విద్యాభ్యాసం

విల్లన్ 1757 నవంబర్ 12న ఉత్తర ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో, సెడ్‌బర్గ్ పట్టణం సమీపంలో జన్మించాడు. ఆయన కుటుంబం క్రైస్తవ మతంలోని క్వేకర్ శాఖకు చెందినది. సెడ్‌బర్గ్‌లోని గ్రామర్ పాఠశాలలో ప్రాథమిక విద్య పూర్తిచేసాడు. ఆ పాఠశాలలో గ్రీకు, లాటిన్ భాషలలో ఆయన సంపాదించిన పాండిత్యం తరువాతి కాలంలో వ్యాధుల పేర్లను ప్రాచీన గ్రంథాలతో పోల్చి చూడడానికి ఎంతో ఉపకరించింది.

ఆ రోజులలో ఆంగ్లికన్ చర్చికి చెందనివారికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలలో పట్టా పొందే అవకాశం లేదు. అందుచేత క్వేకర్ కుటుంబాల యువకులు పలువురు వైద్యవిద్యకై స్కాట్లాండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారు. విల్లన్ కూడా అక్కడే చదివి 1780లో ఎం.డి. పట్టా పొందాడు. కాలేయపు వాపును గురించి లాటిన్‌లో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. అప్పట్లో ఎడిన్‌బరోలో ఆచార్యుడిగా ఉన్న విలియం కల్లెన్ వ్యాధులన్నిటినీ తరగతులుగా, ప్రజాతులుగా, జాతులుగా అమర్చే గ్రంథాన్ని రచించి పేరుపొందాడు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలను, జంతువులను వర్గీకరించిన పద్ధతి ఆ కాలపు వైద్యులను బాగా ఆకర్షించింది. విల్లన్ తరువాత చేసిన వర్గీకరణలో ఈ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

డార్లింగ్టన్ నుండి లండనుకు

చదువు ముగిసిన తరువాత విల్లన్ ఉత్తర ఇంగ్లాండులోని డార్లింగ్టన్ పట్టణంలో కొంతకాలం వైద్యం చేసాడు. ఆ పట్టణానికి సమీపంలోని క్రాఫ్ట్ అనే ఊరిలో గంధకపు నీటి ఊటలు ఉన్నాయి. చర్మవ్యాధులు ఉన్నవారు అక్కడకు వచ్చి స్నానం చేసేవారు. ఆ నీటి గుణాలను గురించి విల్లన్ 1782లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. గంధకం నేటికీ మొటిమలకు, గజ్జికి వాడే కొన్ని లేపనాలలో ఉంటుంది.

తరువాత ఆయన లండను నగరానికి తరలివెళ్ళి, 1783లో కేరీ వీధిలోని పబ్లిక్ డిస్పెన్సరీలో వైద్యుడిగా నియమితుడయ్యాడు. 1785లో లండను రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నుండి లైసెన్సు పొందాడు. ఆ సంస్థలో పూర్తి సభ్యత్వం అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పట్టభద్రులకే పరిమితమై ఉండేది. ఎడిన్‌బరోలో చదివిన విల్లన్ వంటివారు లైసెన్సుతోనే సరిపెట్టుకోవలసివచ్చేది. లండనులోని ప్రతిష్ఠాత్మకమైన పెద్ద ఆసుపత్రులకు బదులు డిస్పెన్సరీయే ఆయన ప్రధాన కార్యక్షేత్రమైంది.

డిస్పెన్సరీలో ఇరవై సంవత్సరాలు

డిస్పెన్సరీ అంటే పడకలు లేని ధర్మ వైద్యశాల. దాతల చందాలతో నడిచేది. పేదలు అక్కడకు వచ్చి ఉచితంగా వైద్యసలహా, మందులు పొందేవారు. కదలలేని రోగుల ఇళ్ళకు వైద్యులే వెళ్ళి చూసేవారు. లండనులో ఇటువంటి సంస్థలకు 1770లో జాన్ కోక్లీ లెట్సమ్ అనే మరొక క్వేకర్ వైద్యుడు నాంది పలికాడు.

ఇరుకైన సందులలో, గాలి వెలుతురు లేని నేలమాళిగలలో, ఒకే గదిలో కుటుంబమంతా నివసించే ఇళ్ళలో విల్లన్ చర్మవ్యాధులను దగ్గరనుండి చూసాడు. పెద్ద ఆసుపత్రి వైద్యుడికి అరుదుగా ఎదురయ్యే గజ్జి, చీముపుండ్లు, తలలో పొక్కులు, పిల్లలకు వచ్చే ఎర్రమచ్చల జ్వరాలు ఆయనకు ప్రతిదినం కనిపించేవి. ఒకే రోగిని పలుమార్లు చూడడంవల్ల ఒక మచ్చ ఏ రోజున పొక్కుగా మారింది, ఎన్ని రోజులకు పొలుసు కట్టింది అనే విషయాలను క్రమంగా నమోదు చేయగలిగాడు. రొట్టెలు చేసేవారికి, బట్టలు ఉతికేవారికి, కిరాణా వర్తకులకు చేతులపై వచ్చే చర్మవ్యాధులను వృత్తితో ముడిపెట్టి గమనించిన తొలి వైద్యులలో ఈయన ఒకడు.

1796 నుండి 1800 వరకు లండను నగరంలో నెలనెలా వచ్చిన వ్యాధులను గురించి విల్లన్ నివేదికలు వ్రాసాడు. వీటిని 1801లో పుస్తకరూపంలో ప్రచురించాడు. ఏ నెలలో ఏ వ్యాధి ఎక్కువగా ఉన్నదో తెలియజేసే ఈ నివేదికలు ప్రజారోగ్య చరిత్రకు విలువైన ఆధారాలు. లండను ప్రజలు రోజూ ముఖం, చేతులు కడుక్కున్నా, ఒంటికి స్నానం చేయకుండా ఏళ్ళ తరబడి గడిపివేస్తారని ఆయన విచారం వ్యక్తంచేసాడు. ఈ అలవాటు పేదలకే పరిమితం కాదని కూడా ఆయన అభిప్రాయం. 1803లో డిస్పెన్సరీ బాధ్యతలనుండి తప్పుకున్నాడు.

విల్లన్‌కు పూర్వం చర్మవైద్యం

చర్మవ్యాధుల గురించి ప్రత్యేక గ్రంథాలు విల్లన్‌కు ముందే వెలువడ్డాయి. ఇటలీకి చెందిన మెర్క్యూరియాలిస్ 1572లోను, ఇంగ్లాండుకు చెందిన డేనియల్ టర్నర్ 1714లోను ఇటువంటి గ్రంథాలు ప్రచురించారు. తలలో వచ్చేవి, ఒంటిమీద వచ్చేవి అంటూ శరీర భాగాలను బట్టి వ్యాధులను చెప్పే పద్ధతి ఎక్కువగా ఉండేది. దీనివల్ల ఒకే వ్యాధికి తలపై ఒక పేరు, చేతిపై మరొక పేరు ఏర్పడేవి. ఆస్ట్రియాకు చెందిన జోసెఫ్ ప్లెంక్ 1776లో చర్మవ్యాధులను లక్షణాలను బట్టి 14 తరగతులుగా విభజించాడు. విల్లన్ ఈ పద్ధతిని సరళీకరించి మెరుగుపరచాడు.

ఆనాటి వైద్యులకు పేర్ల విషయంలో ఉన్న ఇబ్బంది తెలుగు పాఠకులకు కొత్తది కాదు. గజ్జి, తామర అనే మాటలను మన వాడుకలో పలు వేర్వేరు వ్యాధులకు వాడుతుంటారు. ఆయుర్వేద గ్రంథాలలో కుష్ఠమనే మాట ఒక్క వ్యాధిని కాక, 18 విధాలైన చర్మవ్యాధులను సూచిస్తుంది. నేటి తెలుగులో అదే మాటకు ఒకే ఒక్క వ్యాధి అర్థం స్థిరపడింది.

వర్గీకరణ

విల్లన్ తన పనిని నాలుగు మెట్లుగా నిర్దేశించుకున్నాడు. మొదట వాడే ప్రతి పదానికి నిర్వచనం ఇవ్వడం. తరువాత ప్రధాన లక్షణాన్ని బట్టి వ్యాధులను వర్గాలుగా, ప్రజాతులుగా అమర్చి వాటి రూపభేదాలను వర్ణించడం. ఇంతవరకు పేరులేని వ్యాధులకు పేరు పెట్టడం. చివరగా చికిత్స తెలపడం. ఈ ప్రణాళికకు లండను మెడికల్ సొసైటీ 1790లో ఫోథర్‌గిల్ బంగారు పతకాన్ని ప్రదానం చేసింది. ఈ పతకం విల్లన్ చదివిన సెడ్‌బర్గ్ పాఠశాలలోనే చదివి, లండనులో గొప్ప వైద్యుడిగా పేరుపొందిన జాన్ ఫోథర్‌గిల్ స్మారకార్థం ఏర్పాటైనది.

విల్లన్ ఏర్పరచిన ఎనిమిది వర్గాలు ఇవి:

1. పాప్యూలే: నీరు గాని చీము గాని లేని చిన్న గట్టి బొడిపెలు. తీవ్రమైన దురద కలిగించే ప్రురైగో, లైకెన్ ఈ వర్గంలోనివి.
2. స్క్వామే: పొలుసులు రాలే వ్యాధులు. లెప్రా, సోరియాసిస్, పిటిరియాసిస్, ఇక్తియోసిస్ ఇందులో చేరతాయి. తలలో చుండ్రు వంటి పరిస్థితి పిటిరియాసిస్ కిందికి వస్తుంది.
3. ఎక్సాంథిమాటా: చర్మంపై వ్యాపించే ఎర్రదనం. తట్టు, స్కార్లెట్ జ్వరం, దద్దుర్లు, ఎరిథీమా, పర్ప్యురా ఇందులోనివి.
4. బుల్లే: పెద్ద నీటి బొబ్బలు. పెంఫిగస్, ఎరిసిపెలాస్ ఈ వర్గానికి చెందినవి.
5. పస్ట్యూలే: చీము పట్టిన పొక్కులు. ఇంపెటైగో, మశూచి, గజ్జి ఇందులో ఉన్నాయి.
6. వెసిక్యులే: చిన్న నీటి పొక్కులు. ఆటలమ్మ, హెర్పిస్, చెమటకాయలు, ఎక్జిమా ఈ వర్గంలోనివి.
7. ట్యూబర్క్యులా: చర్మంలో లోతుగా ఏర్పడే గట్టి గడ్డలు. మొటిమలు, పులిపిర్లు, లూపస్, ఎలిఫెంటియాసిస్ ఇందులో చేర్చబడ్డాయి.
8. మాక్యులే: ఎత్తు లేని రంగు మచ్చలు. ఎండకు వచ్చే చిన్న గోధుమరంగు మచ్చలు, పుట్టుమచ్చలు ఈ వర్గంలోనివి.

ఈ పద్ధతిలోని గొప్పతనం దాని సులభత్వం. వ్యాధి కారణం తెలియకపోయినా, వైద్యుడు ముందుగా రోగి చర్మంపై ఉన్న మొట్టమొదటి మార్పు ఏమిటో చూడాలి. అది ఎత్తుగా ఉన్నదా, చదునుగా ఉన్నదా? లోపల నీరు ఉన్నదా, చీము ఉన్నదా, ఏమీ లేదా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికితే వర్గం తెలుస్తుంది. ఆ వర్గంలోని కొద్ది వ్యాధులలో ఏది సరిపోతుందో తరువాత నిర్ణయించవచ్చు. ఇద్దరు వైద్యులు వేర్వేరు నగరాలలో ఉన్నా ఒకే మాటతో ఒకే వ్యాధిని గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుకోవడానికి వీలు కలిగింది.

గ్రంథ రచన

విల్లన్ ప్రధాన గ్రంథం చర్మవ్యాధులను గురించినది. ఇది 1798 నుండి 1808 వరకు భాగాలుగా వెలువడింది. ఇందులో మొదటి నాలుగు వర్గాలను మాత్రమే పూర్తిచేయగలిగాడు. గ్రంథంలోని చిత్రాలను రాగిరేకులపై చెక్కి అచ్చువేసి, ఒక్కొక్క ప్రతిలో చేతితో రంగులు అద్దారు. రంగు ఫోటోలు లేని కాలంలో చర్మంపై ఎరుపు, ఊదా, గోధుమ రంగుల తేడాను దూరప్రాంతపు వైద్యుడికి చూపడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. అయితే ఇటువంటి ముద్రణకు వ్యయం, కాలం ఎక్కువ కావడంవల్ల గ్రంథం నెమ్మదిగా సాగింది.

కాళ్ళపై బాధాకరమైన ఎర్రని గడ్డలు వచ్చే ఎరిథీమా నోడోసమ్ అనే పరిస్థితికి స్పష్టమైన వర్ణన ఈ గ్రంథంలో ఉంది. సోరియాసిస్ రూపభేదాలను విల్లన్ ఎంతో సూక్ష్మంగా వర్ణించాడు. ముఖాన్ని తినివేస్తున్నట్లు వ్యాపించే పుండ్లకు తోడేలు అనే అర్థం గల లూపస్ అన్న పాత లాటిన్ పేరును ఒక నిర్దిష్టమైన చర్మవ్యాధికి వాడాడు. వీటిలో ఒక రకం క్షయవల్ల వస్తుందని చాలాకాలం తరువాత రుజువైంది.

మశూచి టీకాల సమర్థన

ఎడ్వర్డ్ జెన్నర్ 1798లో మశూచి నివారణకు ఆవు పొక్కులనుండి తీసిన రసంతో టీకా వేసే పద్ధతిని ప్రకటించాడు. దీనిపై ఇంగ్లాండులో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. టీకా వేసుకున్న పిల్లలకు కూడా మశూచి వచ్చిందని, కాబట్టి టీకా వ్యర్థమని కొందరు వాదించారు. విల్లన్ 1806లో టీకాలను గురించి ఒక గ్రంథం ప్రచురించి ఈ చర్చలో పాల్గొన్నాడు.

ఆయన దృష్టిలో అసలు సమస్య రోగనిర్ధారణకు సంబంధించినది. టీకా తరువాత వచ్చిన పొక్కులను మశూచిగా భావించిన సందర్భాలలో కొన్ని నిజానికి ఆటలమ్మ. ఆటలమ్మ పొక్కులు నీటి పొక్కులు. అవి త్వరగా వచ్చి త్వరగా ఎండిపోతాయి. మశూచి పొక్కులు చర్మంలో లోతుగా మొదలై, చీము పట్టి, నయమైన తరువాత గుంటలు పడిన మచ్చలు మిగులుస్తాయి. మశూచి టీకా ఆటలమ్మను నివారించదు. ఈ రెండింటినీ వేరుగా గుర్తించలేని వైద్యుడు టీకాపై అన్యాయంగా నింద మోపుతాడు. చేతిపై సరైన టీకా పొక్కు ఎలా ఉండాలో, సరిగా పట్టని టీకా ఎలా ఉంటుందో కూడా విల్లన్ వివరించాడు. నీటి పొక్కుకు, చీము పొక్కుకు మధ్య ఆయన గీసిన గీత లక్షలాది పిల్లల ప్రాణాలకు సంబంధించిన వివాదంలో ఉపయోగపడింది. మశూచి ప్రపంచం నుండి నిర్మూలనమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది.

లెప్రా అనే పేరు తెచ్చిన చిక్కు

ప్రాచీన గ్రీకు వైద్యులు పొలుసులు రాలే చర్మవ్యాధులను లెప్రా అనేవారు. నేడు మనం కుష్ఠువ్యాధి అంటున్న దానికి గ్రీకు వైద్యులలో ఎలిఫెంటియాసిస్ అనే పేరు ఉండేది. మధ్యయుగంలో అరబ్బీ వైద్యగ్రంథాలను లాటిన్‌లోకి అనువదించేటప్పుడు కుష్ఠువ్యాధికి లెప్రా అన్న పేరు వచ్చింది. ఐరోపా అంతటా అదే స్థిరపడింది.

గ్రీకు గ్రంథాలు చదివిన విల్లన్ ప్రాచీన అర్థాన్నే పునరుద్ధరించాలనుకున్నాడు. అందుచేత లెప్రా అనే పేరును పొలుసుల వర్గంలో చేర్చి, కుష్ఠువ్యాధిని ఎలిఫెంటియాసిస్ పేరుతో గడ్డల వర్గంలో ఉంచాడు. పాండిత్యం దృష్ట్యా ఇది సమంజసమే. కాని సామాన్య ప్రజల మనస్సులో, చాలామంది వైద్యుల మనస్సులో కూడా, లెప్రా అంటే ఊరినుండి వెలివేయవలసిన వ్యాధి అనే భావం ఉంది. విల్లన్ వర్ణించిన లెప్రా నిజానికి సోరియాసిస్‌లో గుండ్రని పొలుసుల మచ్చలు వచ్చే రకం. అది అంటువ్యాధి కాదు. ఒకే వ్యాధిని లెప్రా, సోరియాసిస్ అని రెండుగా విడదీయడం, అందులో ఒక దానికి భయంకరమైన పేరు తగిలించడం వలన గందరగోళం కొనసాగింది.

వియన్నా నగరానికి చెందిన ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా 1841లో ఈ రెండూ ఒకే వ్యాధి అని తేల్చి, లెప్రా అన్న మాటను సోరియాసిస్ నుండి పూర్తిగా తొలగించాడు. 1873లో నార్వేకి చెందిన హాన్సెన్ కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనడంతో ఆ రెండింటికీ సంబంధం లేదన్న విషయానికి తిరుగులేని ఆధారం దొరికింది. కుష్ఠువ్యాధి కూడా మందులతో పూర్తిగా నయమవుతుంది. అయినా సోరియాసిస్ ఉన్నవారిని అంటరానివారిగా చూసే ధోరణి, బొల్లిని తెల్ల కుష్ఠు అని పిలిచే అలవాటు మన సమాజంలో ఇంకా పూర్తిగా పోలేదు. బొల్లికి, కుష్ఠుకు ఎటువంటి సంబంధమూ లేదు.

చివరి రోజులు

విల్లన్ 1809లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. అప్పటికే లండనులో ఆయన వైద్యానికి మంచి పేరు వచ్చింది. కొద్దికాలంలోనే ఆరోగ్యం క్షీణించసాగింది. ఆ రోజులలో వైద్యులు ఇటువంటి రోగులను వెచ్చని వాతావరణం కోసం అట్లాంటిక్ మహాసముద్రంలోని మదీరా దీవికి పంపేవారు. విల్లన్ 1811లో అక్కడికి ప్రయాణమయ్యాడు. కాని కోలుకోలేక 1812 ఏప్రిల్ 7న అక్కడే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరాలు. తలపై వచ్చే పొరైగో అనే వ్యాధిని గురించి ఆయన వ్రాసిన భాగం మరణానంతరం 1814లో వెలువడింది.

శిష్యపరంపర

సగంలో ఆగిన పనిని విల్లన్ శిష్యుడు థామస్ బేట్‌మన్ (1778-1821) పూర్తిచేసాడు. ఈయన 1804లో పబ్లిక్ డిస్పెన్సరీ వైద్యుడిగా నియమితుడయ్యాడు. 1813లో ఎనిమిది వర్గాలనూ సంక్షిప్తంగా వివరించే చేతిపుస్తకాన్ని, 1817లో రంగుల చిత్రసంపుటాన్ని ప్రచురించాడు. విల్లన్ గ్రంథం పెద్దది, ఖరీదైనది. బేట్‌మన్ పుస్తకం చిన్నది, విద్యార్థులకు అందుబాటులో ఉండేది. అందువల్ల విల్లన్ పద్ధతి ఐరోపా అంతటా వ్యాపించడానికి బేట్‌మన్ పుస్తకమే ప్రధాన కారణమైంది. ఇది జర్మన్, ఫ్రెంచి భాషలలోకి అనువదించబడింది. తరువాతి కాలంలో గొప్ప వైద్యుడిగా పేరుపొందిన థామస్ ఎడిసన్ కూడా చర్మవ్యాధుల పాఠాలు బేట్‌మన్ వద్దనే నేర్చుకున్నాడు.

ఫ్రాన్సులో పరిస్థితి భిన్నంగా ఉండేది. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో జాన్ లూయీ అలీబెర్ చర్మవ్యాధులను ఒక వృక్షానికి కొమ్మలుగా చిత్రించి వేరొక వర్గీకరణను ప్రతిపాదించాడు. అదే ఆసుపత్రికి చెందిన లారెంట్ బియెట్ 1816లో లండను వెళ్ళి బేట్‌మన్ వద్ద విల్లన్ పద్ధతిని అభ్యసించి, పారిస్‌లో బోధించాడు. బియెట్ శిష్యులు 1828లో ప్రచురించిన గ్రంథంతో విల్లన్ పద్ధతి ఫ్రాన్సులో కూడా నిలదొక్కుకుంది.

పరిమితులు, విమర్శలు

విల్లన్ వర్గీకరణ కంటికి కనిపించేదానిపై ఆధారపడినది. కారణం వేరైనా రూపం ఒకటైతే ఒకే వర్గంలో చేరుతుంది. ఉదాహరణకు గజ్జిని చీము పొక్కుల వర్గంలో చేర్చాడు. అది ఒక సూక్ష్మమైన పురుగువల్ల వస్తుందని 1834లో పారిస్‌లో రెనూచి అనే వైద్య విద్యార్థి అందరి ఎదుట నిరూపించేవరకు చాలామంది వైద్యులు అంగీకరించలేదు. పొరైగో పేరుతో విల్లన్ కలిపిన తలవ్యాధులలో ఒకటైన ఫేవస్ బూజుజాతి జీవివల్ల వస్తుందని షోన్‌లీన్ 1839లో కనుగొన్నాడు. 1845లో హెబ్రా చర్మంలోని అంతర్గత మార్పులను ఆధారం చేసుకొని 12 తరగతుల కొత్త వర్గీకరణను ప్రతిపాదించాడు. దానితో విల్లన్ ఎనిమిది వర్గాలు వ్యాధుల వర్గీకరణగా క్రమంగా వెనుకబడ్డాయి. లక్షణాలను వర్ణించే పదాలుగా మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి.

మరొక పరిమితి కూడా ఉంది. ఆయన పరిశీలించిన రోగులు ప్రధానంగా తెల్లని చర్మం గల లండనువాసులు. లేత చర్మంపై ఎర్రగా కనిపించే వాపు ముదురు చర్మంపై ఊదా, గోధుమ లేక నలుపు రంగులో కనిపించవచ్చు. భారతీయుల చర్మంలో మొటిమ మానిన తరువాత నల్లమచ్చ ఎక్కువకాలం మిగిలిపోతుంది. అందుచేత పాశ్చాత్య గ్రంథాలలోని ఎరుపు అనే వర్ణనను యథాతథంగా మనవారికి అన్వయించడం సరికాదని నేటి చర్మవైద్యులు గుర్తిస్తున్నారు.

నేటి చర్మసంరక్షణలో విల్లన్ పదాలు

చర్మ చికిత్సకు వెళ్ళే సామాన్యులకు తరచు ఎదురయ్యే పదాలు, వాటి ప్రస్తుత అర్థాలు ఈ విధంగా ఉన్నాయి. పరిమాణానికి సాధారణంగా ఒక సెంటీమీటరును, కొన్ని గ్రంథాలలో అర సెంటీమీటరును హద్దుగా తీసుకుంటారు.

* మాక్యూల్: చేతితో తడిమితే తెలియని, రంగులో మాత్రమే తేడా ఉన్న మచ్చ. పెద్దదైతే ప్యాచ్ అంటారు.
* పాప్యూల్: హద్దుకంటే చిన్నదైన గట్టి బొడిపె. చీము లేని ఎర్రని మొటిమ దీనికి ఉదాహరణ.
* పస్ట్యూల్: చీము కనిపించే పొక్కు. చీము కనిపించినంత మాత్రాన ప్రతిసారీ సూక్ష్మజీవుల సంక్రమణ ఉన్నట్లు కాదు.
* వెసికిల్, బుల్లా: నీటి పొక్కు, బొబ్బ. వీటి మధ్య తేడా పరిమాణంలోనే.
* నోడ్యూల్: విల్లన్ ట్యూబర్కిల్ అన్న లోతైన గడ్డకు నేడు ఎక్కువగా వాడే పేరు. ఈ రకం మొటిమలు మానిన తరువాత గుంటలు మిగిలే అవకాశం ఎక్కువ.
* ఎరిథీమా: రక్తనాళాలు వ్యాకోచించడంవల్ల కలిగే ఎర్రదనం. నొక్కితే తగ్గుతుంది. లేజర్ చికిత్స, రసాయన పీలింగ్ తరువాత కొంతకాలం కనిపించవచ్చు.
* పర్ప్యురా: చర్మంలోకి రక్తం చిమ్మడంవల్ల ఏర్పడే ఊదారంగు మచ్చ. నొక్కినా తగ్గదు. కొన్ని రకాల లేజర్ చికిత్సల తరువాత ఇది రావచ్చు.
* రోసేషియా: ముఖం మధ్యభాగంలో ఎర్రదనం, పొక్కులు వచ్చే వ్యాధి. బేట్‌మన్ పుస్తకంలో ఇది మొటిమలలో ఒక రకం. ప్రస్తుతం దీనిని వేరే వ్యాధిగా పరిగణిస్తారు.
* నీవస్: పుట్టుమచ్చ. రంగు, అంచు, పరిమాణం మారుతున్న పుట్టుమచ్చను సౌందర్యం కోసం తొలగించే ముందు చర్మవైద్యుడికి చూపించాలి.
* ఎక్జిమా: దురద, తడి, పొలుసులతో కూడిన చర్మపు వాపు. పాదరసం తగలడంవల్ల వచ్చే ఎక్జిమాను బేట్‌మన్ 1813లోనే ఒక ప్రత్యేక రకంగా పేర్కొన్నాడు.

మొటిమల తీవ్రతను నిర్ణయించేటప్పుడు నేటికీ వైద్యులు మొదట చేసే పని ముఖంపై బ్లాక్‌హెడ్లు ఎన్ని, పాప్యూల్స్ ఎన్ని, పస్ట్యూల్స్ ఎన్ని, నోడ్యూల్స్ ఉన్నాయా అని లెక్కించడమే. పైపూత మందు సరిపోతుందా, మాత్రలు అవసరమా అనే నిర్ణయానికి ఈ లెక్క ప్రధానమైన ఆధారం. రోగి కూడా ఈ పదాల అర్థం తెలుసుకుంటే తన చీటీలో ఏమి వ్రాసి ఉన్నదో గ్రహించగలడు.

గుర్తింపు

లండనులోని ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లో ఉన్న బ్రిటిష్ చర్మవైద్యుల సంఘపు కార్యాలయ భవనానికి విల్లన్ హౌస్ అని పేరు పెట్టారు. ఎరిథీమా నోడోసమ్, సోరియాసిస్ వ్యాధుల చరిత్ర వ్రాసే ప్రతివారూ ఆయన వర్ణనలను పేర్కొంటారు. పేదల వైద్యశాలలో ఇరవై సంవత్సరాలపాటు ఓపికగా చేసిన పరిశీలన ప్రపంచమంతటి చర్మవైద్యులకు ఉమ్మడి పదజాలాన్ని ఇచ్చింది.